ముందుమాట ఎవరు చెప్పాలి

మా చిన్నమామ కరెంటాఫీసులో గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాక ఒక పుస్తకం రాశాడు. రాశాడంటే కాగితం మీద కాదు. హిందూపురంలో తన ఇంటి అరుగు మీద కూర్చుని, సెల్‌ఫోన్లో ఒక్కో అక్షరమే ఒత్తుకుంటూ రాసి, నాకు వాట్సాప్‌లో పంపేవాడు. నేను పెనుకొండ హైస్కూల్లో తెలుగు టీచర్ని కాబట్టి తప్పులు దిద్దే పని నా మీద పడింది. ముదిగుబ్బ దగ్గర వాళ్ళ ఊరు, అక్కడి గొర్రెలు, చెనక్కాయ పంట, వానలు మొహం చాటేసిన ఏళ్ళు, వాళ్ళమ్మ చేతి కొర్రన్నం. ఇవీ అందులోని సంగతులు. వాళ్ళమ్మ అంటే నాకు అవ్వ. మా అమ్మ ఆమెకు ఒక్కతే కూతురు. అమ్మ పోయిన తర్వాత ఆ ఇంటికీ నాకూ మధ్య మిగిలింది ఇద్దరు మేనమామలే.

పుస్తకం అచ్చుకు సిద్ధమయ్యాక ఒక ఆదివారం చిన్నమామా నేనూ హిందూపురంలో డీటీపీ షాపుకు పోయాం. షాపాయన తెలుగూ కన్నడమూ కలిపి మాట్లాడతాడు. పేజీలు లెక్కేసుకుంటూ, తల ఎత్తకుండానే అడిగాడు.

"సార్, మున్నుడి యారు బరీతారె?"

నాకు అర్థమైంది. ముందుమాట ఎవరు రాస్తారని అడుగుతున్నాడు. మున్నుడి తెలుగులోనూ ఉన్న మాటే, కాకపోతే మనం ఎప్పుడో ఒకసారి వాడతాం, వాళ్ళు రోజూ వాడతారు.

"మరి పైన ఏమని వేయమంటారు మేడం? పీఠికనా, ముందుమాటనా, తొలిపలుకా? రాసినాయన సొంతంగా చెప్పుకునేదానికి ఒక పేరు, ఇంకొకరు రాసేదానికి ఒక పేరు ఉండల్ల గదా? మాకైతే ముందర వేరేవాళ్ళు రాసేది మున్నుడి, వెనకట్ట మీద వేసేది బెన్నుడి. బెన్ను అంటే వీపు. మీకెట్ల?" అన్నాడు షాపాయన నా వైపు చూసి.

ఎన్నో ఏళ్ళుగా పిల్లలకు పీఠిక, ఉపోద్ఘాతం, ప్రస్తావన, అవతారిక అని ఒక వరసలో చెప్పి, అన్నీ ఒకటే రాసుకోండి అంటూ వచ్చినదాన్ని నేను. ఆ పూట ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని ఆలోచిస్తే అవన్నీ ఒకటేనా కాదా అన్నది నాకే తెలియలేదు. అవతారిక పాత కవి తానే రాసుకునేది కదా, దేవుళ్ళకు దండాలు పెట్టి, కృతి పుచ్చుకునే రాజు వంశమంతా చెప్పి. పీఠిక పండితులు రాసేదేమో. భూమిక అని కూడా అంటారు, కానీ మనకు భూమిక అనగానే నాటకంలో వేషం గుర్తుకొస్తుంది. ముందుమాట రచయితదా, ఇంకొకరిదా? రెండు రకాలుగానూ చూశాను. కొన్ని పుస్తకాల్లో ఒకదాని తర్వాత ఒకటి ఇద్దరివీ ఉన్నాయి, రెండింటికీ అదే పేరు.

చిన్నమామ మాత్రం తడుముకోలేదు.

"పేరు ఏదన్నా పెట్టుకోప్పా. రాసేది మాత్రం మాయన్న."

నేను ఆయన మొహం వంక చూశాను. తమాషా చేస్తున్నట్టు లేదు.

"అన్న రాస్తేనే పుస్తకం. లేకుంటే ఇంతటితో చాలు," అన్నాడు. ఆ తర్వాత నా వైపు తిరిగి, "నువ్వే పోయి అడగల్ల పాపా," అన్నాడు.

అడగడానికి నేనే ఎందుకంటే, ఆ అన్నదమ్ములు మాట్లాడుకోరు. అవ్వ పోయినప్పటి నుంచీ మాటల్లేవు. అవ్వ ఎండాకాలంలో, ఊళ్ళోనే పోయింది. చిన్నమామకు అప్పట్లో దూరంగా కర్ణాటక సరిహద్దులో డ్యూటీ. ఫోన్లు కలవలేదు, కబురు ఆలస్యంగా అందింది, ఎక్కిన బస్సు దారిలో చెడిపోయింది. పొద్దు గూకకముందే మట్టి చేసేయాలని ఊరి పెద్దలు తొందరపెట్టారు. చిన్నమామ వచ్చేసరికి గుంత పూడ్చేశారు. కన్నతల్లికి ఆయన చేతి మట్టి పడలేదు. ఆడవాళ్ళం మేము ఇంటి దగ్గరే ఉండిపోయాం కాబట్టి అక్కడ ఏం జరిగిందో మాలో ఎవరమూ చూడలేదు. చిన్నమామ ఇంట్లోకి కూడా రాకుండా వచ్చిన దారినే వెళ్ళిపోయాడని తర్వాత విన్నాం. ఎవరు ఎవరితో మాట మానుకున్నారన్నది అప్పటి నుంచీ తేలలేదు. అన్న మాట్లాడలేదని తమ్ముడంటాడు, తమ్ముడే మొహం తిప్పుకున్నాడని అన్నంటాడు. ఇద్దరూ మా ఇంటికి వస్తారు, వేరే వేరే రోజుల్లో.

పెద్దమామ మోకాళ్ళు అరిగిపోయాక గొర్రెలు అమ్మేసి, పొలం గుత్తకిచ్చి, అత్తను తీసుకుని ధర్మవరం వచ్చేశాడు. మగ్గాల చప్పుడు ఆగని వీధిలో ఒక చిన్న ఇల్లు. నేను పోయినప్పుడు వాకిట్లో కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నాడు. ఆయన పేపరు పైకి చదువుతాడు, సినిమా ప్రకటనలతో సహా.

"మామా, చిన్నమామ పుస్తకం రాసినాడు తెలుసునా?"

"ఎవురో అన్న్యారు," అన్నాడు, పేపరు దించకుండా.

"దానికి ముందుమాట నీదే ఉండల్లంటాండాడు."

పేపరు దిగింది.

"ఏమన్యాడు?"

"ముందుమాట అన్నదే ఉండల్ల, ఇంగెవురిదీ వద్దు అన్యాడు. అన్నది లేకపోతే ఇదంతా ఏంటికి, ఇంతటితో చాలు అన్యాడు."

పెద్దమామ పేపరు మడిచి కుర్చీ కింద పడేశాడు.

"అట్లన్యాడా. ముందు మాట నాదే ఉండల్లంటనా? యాడి న్యాయం మే ఇది? పెద్దోన్ని నేను. మొగం తిప్పుకోని పోయినోడు వాడు. మళ్ళా పైన నీతో కబురా?"

"కోపమేంటికి మామా? ఊరికే రెండు పేజీలు చాలు."

"రెండు పేజీలా! ఒక్క మాటకే దిక్కు ల్యాకుంటే రెండు పేజీలంట! పో, పోయి చెప్పు వానికి. నాతో గాదని చెప్పు."

అత్త లోపలి నుంచి కాఫీ గ్లాసుతో వచ్చి, మా ఇద్దరి మొహాలూ చూసి, గ్లాసు గట్టు మీద పెట్టి గమ్మున లోపలికి పోయింది. నేను కాఫీ తాగి స్టేషనుకు ఆటో ఎక్కాను. రైల్లో పెనుకొండ వచ్చేదాకా అదే ఆలోచన. రాయడం రాదంటే నేను రాసిపెడతానని చెప్పి ఉండేదాన్ని. టైము లేదంటే నవ్వి ఉండేదాన్ని. ముందుమాట అడిగితే న్యాయం ఎక్కడిది అంటాడేమిటి?

ఇల్లు చేరి చిన్నమామకు ఫోన్ చేశాను. ఒప్పుకోలేదని, కోపం కూడా చేసుకున్నాడని చెప్పాను.

"గౌరవమిస్తే కోపమా?" అన్నాడు. "పెద్దోడని ముందర నిలబెడ్తాండాను గదా. అంతకన్నా ఏం చేయల్ల నేను?"

"నాకేం అర్థం కాలేదు మామా."

"నాకూ గాలే," అని పెట్టేశాడు.

మర్నాడు స్కూల్లో ఖాళీ పీరియడ్లో లైబ్రరీలో ఉన్న నిఘంటువులన్నీ దించి ముందేసుకున్నాను. పెద్దమామకు ముందుమాట అన్న మాట నచ్చలేదేమో, వేరే మాట చెప్తే సరిపోతుందేమో అన్నది నా ఆశ. నిఘంటువులు నన్ను ఇంకా అయోమయంలో పడేశాయి. పీఠిక దగ్గర చూస్తే ఉపోద్ఘాతం అని ఉంది, ఉపోద్ఘాతం దగ్గర చూస్తే ప్రస్తావన అని, ప్రస్తావన దగ్గర మళ్ళీ పీఠిక అని. ఊరి చుట్టూ తిప్పి మొదటి వీధిలోనే దించే ఆటోవాడిలా ఉంది వ్యవహారం. బెల్లు కొట్టారు. పుస్తకాలు అలమరలో పెట్టి క్లాసుకు పోయాను.

సాయంత్రం ధర్మవరం నుంచి అత్త ఫోన్ చేసింది. పెద్దమామ ఇంట్లో లేని వేళ చూసి చేసినట్టుంది.

"ఏం పాపా, ఏం చెప్పిపోయినావు మే ఆయప్పతో? నిన్నట్నుంచి ఒకటే గొణుగుడు. తమ్ముడు కబురంపినాడంట, ముందుగా నేనే పోయి మాట్లాడల్లంట, లేకుంటే ఇంతటితో చాలంట. పెద్దోన్ని నేను పోయి కాళ్ళబేరానికి దిగల్లనా అని కూడు గూడా సరిగ్గా తినల్యా."

అప్పుడు తెలిసింది. నేను పుస్తకానికి ముందుమాట అడిగాను. ఆయనకు వినిపించింది తమ్ముడితో ముందు మాట. రెండు అక్షరాల మధ్య కాస్త చోటు ఉందో లేదో పలికితే తెలియదు కదా. నవ్వు వచ్చింది. అత్తకు వివరించి చెప్తే ఆమె కూడా నవ్వింది. ఫోన్ పెట్టేసిన తర్వాత ఆ నవ్వు నిలవలేదు. చిన్నమామ నిజంగా పుస్తకం సంగతే అడిగాడా? ఏడాది పొడుగునా మాటలతో కుస్తీ పట్టిన మనిషి. ఆ మాటలో రెండో అర్థం ఉందని ఆయనకు తెలియదా? తెలిసే నన్ను పంపాడా? ఇది ఆయన్ని ఇప్పటిదాకా అడగలేదు. అడిగితే ఏం చెప్తాడో, చెప్పింది నమ్మాలో వద్దో కూడా నాకు తెలియదు.

మళ్ళీ ఆదివారం పుస్తకం ప్రింటు తీసుకుని ధర్మవరం పోయాను. ఈసారి ముందుమాట అనకూడదని నిశ్చయించుకున్నాను.

"మామా, పుస్తకానికి నువ్వొక పీఠిక చెప్పల్ల. నువ్వు చెప్తే నేను రాస్తా."

"పీఠికంటే? పీటనా?"

"అట్లాంటిదే. పుస్తకం కూర్చునేదానికి పీట."

"పుస్తకానికైతే సరే. వానికి పీటేసి కూర్చోబెట్టమంటే మాత్రం కుదర్దు."

"పోనీ తొలిపలుకు అనుకో."

"పలకరించల్లనా?"

అత్త చేట పక్కన పెట్టి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంక ఏ పేరూ పెట్టకుండా చెప్పాను.

"మామా, మన ఊరికి ఎవురన్నా కొత్తగా వస్తే, నువ్వు నలుగురికీ చెప్పేవానివి గదా, ఈయప్ప ఫలానావాళ్ళ అల్లుడు, మంచోడు, వచ్చి కూర్చోనీ అని. ఇదీ అంతే. ఈ పుస్తకం ఫలానావాడిది అని నువ్వు జనానికి చెప్పల్ల."

"అంటే వాడు మంచోడని నేను చెప్పల్ల."

"చెడ్డోడని చెప్పినా చెప్పొచ్చు."

"చదువు. ఇంటా," అన్నాడు.

చదవడం మొదలుపెట్టాను. మొదటి పేజీ దాటకముందే ఆపాడు. మందలోకి తోడేలు వస్తే చిన్నమామ కట్టె తీసుకుని తరిమాడని ఉంది అక్కడ.

"తోడేలు గాదు అది. ఊరకుక్క."

"తోడేలే," అంది అత్త చేటలో రాళ్ళు ఏరుతూ. "నేను కాపరానికొచ్చిన కొత్తల్లోనే గదా. మీయమ్మ చెప్పింది నాతో."

"మాయమ్మ నువ్వు జడుసుకుంటావేమోనని చూసేదానికి చెప్పింది."

అట్లా సాగింది. బావి తవ్వించింది నాయనా, తాతా? కొర్రన్నంలోకి అవ్వ చేసేది ఉలవచారా, చింతాకు పప్పా? ఎర్ర పొట్టేలును అమ్మింది ముదిగుబ్బ సంతలోనా, కదిరిలోనా? తమ్ముడు రాసిన ప్రతిదానికీ ఆయన దగ్గర ఇంకో లెక్క ఉంది. కొన్నిచోట్ల ఆయన చెప్పేదే నిజంలా అనిపించింది. కొన్నిచోట్ల ఆయన చెప్పిందాన్ని ఆయనే పక్క పేజీలో కాదన్నాడు. నాకు గుర్తున్న ఒకటి రెండు సంగతులు ఆ ఇద్దరి మాటలతోనూ కలవలేదు. పెన్సిల్‌తో పక్కన రాసుకుంటూ పోయాను. మధ్యాహ్నానికి పేజీల అంచులన్నీ నల్లబడ్డాయి.

అవ్వ పోయిన ప్రకరణం దగ్గర ఆగాను. చదవనా అన్నట్టు చూశాను. చదవమని చెయ్యి ఊపాడు. చిన్నమామ అక్కడ ఎక్కువ రాయలేదు. తాను వెళ్ళేసరికి గుంత పూడ్చేశారని, అన్న పార పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాడని రాశాడు. 'ఒక్క పిడికెడన్నా నాకోసం ఆపలేదా అన్నా అని అడిగాను. అన్న జవాబు చెప్పలేదు' అని రాశాడు.

పెద్దమామ భుజం మీది తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అడగలే," అన్నాడు పెద్దమామ.

"ఏమి మామా?"

"వాడు నన్నేమీ అడగలే. నోరే తెరవలే. అట్ల చూసినాడు, పోయినాడు." తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. "అడిగింటే చెప్పకుండా ఉంటానా నేను?"

ఎవరిది నమ్మాలో తెలియక నేను కాగితాలు సర్దుకుంటూ కూర్చున్నాను. ముందుమాట ఇప్పుడు చెప్తావా అని అడిగే ధైర్యం లేదు. బయల్దేరుతుంటే ఆయనే అన్నాడు.

"ఇన్ని తప్పులుంటే అచ్చెట్లేస్తారు మే? దిద్దల్ల గదా. యా దినం పోదాం హిందూపురం?"

దిద్దడానికి ఆయనే ఎందుకు పోవాలి, నేను పెన్సిల్‌తో రాసుకున్నది చాలదా? ఈ ప్రశ్న నా నోటి దాకా వచ్చింది. అత్త వెనక నుంచి నా వీపు మీద గిల్లింది. నోరు మూసుకున్నాను.

ఆ వారంలోనే సెలవు పెట్టాను. పెద్దమామ ధర్మవరంలో రైలెక్కాడు, నేను పెనుకొండలో అదే పెట్టెలో ఎక్కాను. ఆయన ఉతికిన పంచె కట్టుకుని, ఒళ్ళో ఒక సంచి పెట్టుకుని కూర్చున్నాడు. అత్త కట్టిచ్చిన చెనక్కాయలట. తమ్ముడికి వస్తున్నట్టు చెప్పావా అని అడిగాడు. చెప్పానన్నాను. ఏమన్నాడన్నాడు. సరే అన్నాడని చెప్పాను. అంతేనా అన్నాడు. అంతే అన్నాను.

చిన్నమామ గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో తెలియదు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తమ్ముడు గేటు తీశాడు, అన్న లోపలికి నడిచాడు. చిన్నత్త మంచినీళ్ళు తెచ్చింది. ఇద్దరూ చెరో కుర్చీలో కూర్చున్నారు, మధ్యలో నేను. పైన ఫ్యాన్ తిరుగుతోంది. ఏదో ఒకటి మాట్లాడదామని నేను సంచి కోసం వంగాను. అప్పుడే ఇద్దరూ ఒకేసారి నోరు తెరిచారు.

"అది తోడేలు గాదప్పా," అన్నాడు ఒకాయన.

"మోకాళ్ళెట్లుండాయన్నా?" అన్నాడు ఇంకొకాయన.

రెండు మాటలూ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఏది ముందో, ఏది వెనకో ఇప్పటికీ నేను చెప్పలేను. తల ఎత్తేసరికి వాళ్ళు తోడేలు సంగతి మీద పడిపోయి ఉన్నారు.

మధ్యాహ్నం భోజనాలదాకా వాదించుకున్నారు. బావి, పొట్టేలు, చింతాకు పప్పు. చిన్నమామ ఫోన్లో కొన్ని మార్చాడు, కొన్ని మార్చనన్నాడు. "నీకు అట్ల గుర్తుండాది, నాకు ఇట్ల గుర్తుండాది," అంటాడు. "గుర్తు నీదైనా ఊరు మాత్రం ఒకటే గదప్పా," అంటాడు పెద్దమామ. అవ్వ పోయిన ప్రకరణం దగ్గరికి వచ్చేసరికి ఇద్దరి గొంతులూ తగ్గాయి.

"నువ్వు నన్నడగలే," అన్నాడు పెద్దమామ.

"అడిగినానన్నా."

"అడగలేదప్పా. నేను ఆడనే ఉండాను గదా."

"అడిగినా. గొంతు పెగల్లేదేమో. నీకు ఇనపళ్ళేదేమో."

పెద్దమామ తన చేతుల వంక చూసుకున్నాడు.

"నీ పిడికెడు నేనేసినా."

"ఏంది?"

"నాది వేసినంక ఇంగో పిడికెడు తీసినా. అమ్మా, ఇది నీ చిన్నోనిది, దారిలో ఉండాడు అని చెప్పి ఏసినా. ఆడుండేవాళ్ళంతా ఇన్న్యారు. నీకెవురూ చెప్పలేదా?"

"ఎవురు చెప్తారన్నా నాకు? నేను ఊళ్ళోకే రాల్యా గదా."

"ఎవురో ఒకరు చెప్పింటార్లే అనుకున్న్యా. చెప్పినంక గూడా మాట్లాడకుండా ఉండాడే, ఎంత మొండోడని అనుకున్న్యా."

చిన్నమామ కుర్చీలోంచి లేచి పెరట్లోకి పోయాడు. కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది. చాలాసేపటికి తడి మొహంతో తిరిగి వచ్చి, ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. ఆ ప్రకరణం మారుస్తాడనుకున్నాను. వేలు అక్షరాల మీద పెట్టి, మళ్ళీ తీసేసి, ఫోన్ పక్కన పెట్టేశాడు.

"దీన్ని మార్చనన్నా. నాకు ఆ పొద్దు తెలిసింది అంతే."

"మార్చొద్దు," అన్నాడు పెద్దమామ. "నా సంగతి నేను చెప్పుకుంటా. రాసుకో మే."

నేను కాగితం తీశాను. ఆయన చెప్పుకుంటూ పోయాడు, పేపరు చదివినట్టే, గట్టిగా. తాను వీడి అన్ననని, ఈ పుస్తకంలో కొన్ని తప్పులున్నాయని, చెప్తే వినలేదని, అయినా అమ్మ గురించి రాసింది చాలామటుకు నిజమేనని చెప్పాడు. మట్టి వేసిన సంగతి నాలుగు మాటల్లో చెప్పాడు. చిన్నమామ గోడ వైపు తిరిగి వింటున్నాడు. అంతా అయ్యాక పెద్దమామ ఒక షరతు పెట్టాడు.

"ఇది పుస్తకం కడాన వెయ్యల్ల. ముందర గాదు."

"ముందుమాట ముందర గదా మామా ఉండల్ల," అన్నాను.

"ముందరేస్తే జనానికి ఏం తెలుస్తాది? వాడేమన్యాడో ఇనకుండా నేను చెప్పేది ఎట్ల తెలుస్తాది? వాడు చెప్పినంక నేను చెప్తా."

దానికి ఎదురు చెప్పడానికి నా దగ్గర ఏ నిఘంటువూ లేదు. సాయంత్రం ముగ్గురమూ డీటీపీ షాపుకు పోయాం. షాపాయన కాగితం చూసి, కడాన వేయమనేసరికి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"అట్లయితే ఇది ముందుమాట కాదు సార్. చివరిమాట అని వేద్దామా?"

"చివరిమాటా?" పెద్దమామ గొంతు లేచింది. "నేనేమన్నా పోతాండానా? నోట్లో తులసినీళ్ళు పోస్తాండారా?"

"అట్ల కాదు సార్. పోనీ వెనకమాట?"

"వెనక మాట్లాడే అలవాటు మా వంశంలో ల్యా. నేను ఏదన్నా ముందరే అంటా."

షాపాయన నా వైపు చూశాడు. నేను చిన్నమామ వైపు చూశాను. బెన్నుడి అందామా అని షాపాయన తనలో తాను గొణుక్కున్నాడు, మళ్ళీ తనే, అట్ట మీదిది కదా, కాదులే అనుకున్నాడు. తెలుగు టీచరు కదా, మీరే చెప్పండి అని ముగ్గురూ నా మీదికి తోశారు. నాకు తోచినవన్నీ వెనక్కి తిరిగి మమ్మల్నే కరిచేట్టున్నాయి.

"ముందుమాట అనే ఉండనీప్పా," అన్నాడు చిన్నమామ. "వేసేది మాత్రం కడాన."

అట్లాగే పడింది. పుస్తకం మొదలుపెడితే నేరుగా తోడేలుతో మొదలవుతుంది. అన్ని పేజీలూ అయిపోయాక, ఆఖరున, పెద్ద అక్షరాల్లో ముందుమాట అని ఉంటుంది, కింద పెద్దమామ పేరు. అచ్చయిన మొదటి కట్ట ఇంటికి వచ్చిన రోజు అన్నదమ్ములిద్దరూ ఒక్కో కాపీ పట్టుకుని ఎదురెదురుగా కూర్చుని, కొత్త తప్పులు వెతుక్కున్నారు.

పుస్తకంలో వేసింది నా నంబరే కాబట్టి చదివినవాళ్ళు ఇప్పటికీ నాకే ఫోన్ చేస్తుంటారు. గాండ్లపెంట నుంచి ఒకాయన బైండింగు వాళ్ళు పేజీలు తారుమారు చేశారని చెప్పి, వేరే కాపీ పంపమన్నాడు. నల్లమాడ నుంచి ఒక టీచరు, ఇది అనుకోకుండా జరిగిందా, కావాలనే ఇట్లా వేశారా అని నన్నే అడిగింది. కావాలనే అన్నాను. ఎందుకని అడిగింది. చెప్పడం మొదలుపెట్టి, అవ్వ పోయిన దగ్గరికి వచ్చి, ఆ పైన ఎట్లా చెప్పాలో తెలియక, మీరు చదివారు కదండీ, మీకేమనిపించింది అని ఎదురు ప్రశ్న వేశాను. ఆమె కూడా తెలియదనే అంది.

మామలిద్దరూ ఇప్పుడు రోజూ ఫోన్లో మాట్లాడుకుంటారు. మాట్లాడుకుంటారనే కంటే పోట్లాడుకుంటారంటే సరిపోతుంది. అప్పుడప్పుడు ఏ పొట్టేలు గురించో మాట పెరిగి, ఒక రోజు ఫోన్ మోగదు. అప్పుడు ధర్మవరం నుంచి ఒకరు, హిందూపురం నుంచి ఒకరు నాకు చేస్తారు, అవతలాయనకు కోపం వచ్చిందా ఏమని కనుక్కోవడానికి. కోపం ఎవరికి వచ్చింది, ఎవరు ఫోన్ పెట్టేశారు అని అడిగితే ఇద్దరూ ఒకటే చెప్తారు, నేను కాదు వాడే అని. నాకేమో ఇద్దరి గొంతులూ ఒకేలా వినిపిస్తాయి. ఎవరిది నమ్మాలో తెలియక, రెండు వైపులా సరేలే మామా అంటాను.